కుడి మోకాలి కోసం నాలుగు రాష్ట్రాల ప్రార్థన

చాండ్లర్

ఫుట్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే కిందటి జనవరిలో అరిజోనా నుంచి కాన్సాస్ దాకా కారులో నేను చేసిన ప్రయాణమంతా ఒక ఫుట్‌బాల్ ఆటగాడి కోసమే. దారిలో ఎడారి, కొండలు, గాలిమరలు, ఆవులు చూశాను. ఆవులే ఎక్కువ. అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకీ, విమానం కిటికీలోంచి మాత్రమే చూసినవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఆటగాడి పేరు పావెల్. చెక్ దేశం వాడు, ముప్పై ఆరేళ్ళు. మా అపార్ట్‌మెంట్‌లో మా కింది వాటాలో ఒక్కడే ఉండేవాడు. పరిచయం లాండ్రీ రూమ్‌లో అయింది. అమెరికాలో ఇద్దరు పరాయి దేశంవాళ్ళు కలిస్తే మొదట ఎండ గురించి మాట్లాడుకుంటారు, తర్వాత వీసా గురించి. నాది హెచ్ వన్ బి, అతనిది ఆటగాళ్ళకిచ్చే పీ వన్. బట్టలు ఆరేలోపు లాయర్ల మీద ఇద్దరికీ ఉన్న కోపమంతా చెప్పేసుకున్నాం. ఆ తర్వాత స్నేహం కాకుండా ఉండటం కష్టం.

"ఆటలో నువ్వేం చేస్తావు?" అని అడిగాను. అతను నాతో మాట్లాడేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మిడ్‌ఫీల్డర్‌ని. బంతి తీసుకుంటాను. ఇస్తాను."

"గోల్ కొట్టవా?"

"అది వేరేవాళ్ళ పని."

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ప్రోగ్రామ్ రాయను, రాసినవాళ్ళ తప్పులు పడతాను. ఈ సంగతి చెప్తే అతను చాలా సేపు తల ఊపాడు. మనిద్దరి పేర్లూ ఎక్కడా పడవన్నమాట అన్నాడు.

కిందటి సీజన్ అయ్యాక అతని క్లబ్బు మూతపడింది. మూతపడ్డట్టు ఈమెయిల్ వచ్చింది, చాలా మర్యాదగా రాశారు. చివరి ఆట అప్పటికే అయిపోయింది. అదే చివరిదని ఎవరికీ తెలియదు. ఆ రోజు పావెల్ జలుబు చేసి ఇంట్లో పడుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆడిన ఆట ముక్కు చీదుకుంటూ ముగిసిందని చెప్పుకునేవాడు. అతనికి కావలసింది ఒక్కటే, ఇంకొక్క సీజన్. ఆ సీజన్ చివరి ఆటలో, ఇక బయటికి రమ్మని బోర్డు మీద తన నంబరు చూపిస్తే, తన కాళ్ళ మీద తనే నడిచి గీత దాటి, లోపలికి వచ్చేవాడికి చెయ్యి కలిపి వెళ్ళిపోవాలి. మంచి ఆటగాళ్ళందరికీ అలాగే జరుగుతుందట.

కాన్సాస్‌లో ఒక క్లబ్బు ట్రయల్‌కి పిలిచింది. తీసుకుంటే వాళ్ళే వీసా ఫైల్ చేస్తారు. తీసుకోకపోతే సామాను సర్దుకుని దేశం వెళ్ళిపోవడమే. అంతటితో ఆట సరి. చిక్కేమిటంటే వీసా గడువుతో పాటు అతని డ్రైవింగ్ లైసెన్సు కూడా అయిపోయింది. నేను డ్రైవ్ చేస్తానన్నాను.

మా ఆవిడ రూతు లాప్‌టాప్ మూసి నా వంక చూసింది.

"మా అమ్మని ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి లీవ్ లేదన్నారు."

"అప్పుడు ఆఫీసులో రిలీజ్ ఉంది."

"ఇప్పుడు లేదా?"

"ఉంది. పోస్ట్‌పోన్ అయింది."

ఆ తర్వాత రెండు డబ్బాల పులిహోర కలిపి, ఒకటి కారం తగ్గించి, ఇచ్చింది.

మేం తెలుగు చర్చికి వెళ్తాం. ఒక అమెరికన్ చర్చి భవనాన్ని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని మావాళ్ళు ఆరాధన జరుపుకుంటారు. మాలో ఎవరు ఊరు దాటాలన్నా ముందు ప్రార్థన చేయించుకోవాలి. పావెల్‌కి మోకాలి నొప్పి అని పాస్టర్‌గారికి చెప్పాను.

"ఏ మోకాలు? ప్రార్థనలో స్పష్టత ఉండాలి జాన్ బాబూ."

రోజూ సాయంత్రం పావెల్ నా ఎదురు సోఫాలో కూర్చుని మోకాలికి టేపు చుట్టుకోవడం నా కళ్ళతో చూశాను. "కుడిదండి" అన్నాను. పాస్టర్‌గారు వెంటనే వాట్సాప్‌లో పెట్టారు. అక్కడి నుంచి అది అల్బుకర్కీ, అమరిల్లో, ఓక్లహోమా సిటీ తెలుగు సంఘాల గ్రూపులకి వెళ్ళింది. వాళ్ళంతా ప్రార్థిస్తామన్నారు. అంతటితో ఆగకుండా మా ఇంట్లోనే దిగాలి అన్నారు. విశ్వాసుల ఇళ్ళుండగా మోటెల్ ఏమిటని పాస్టర్‌గారు నన్నే కోప్పడ్డారు.

పావెల్‌కి దేవుడి మీద అంత నమ్మకం లేదు. "మా ఊళ్ళో చర్చి ఉంది. గంట బాగా మోగుతుంది" అన్నాడు. అంతకు మించి ఆ విషయంలో అతనికి అభిప్రాయం లేదు.

అల్బుకర్కీ

చాండ్లర్‌లో పొట్టి చేతుల చొక్కాతో బయల్దేరాం. కొండ ఎక్కేసరికి పైన్ చెట్ల మీద మంచు. ఒకే పూటలో గుంటూరు ఎండా సిమ్లా చలీ చూసినట్టయింది. నేను సిమ్లా చూడలేదు.

పావెల్ ముందు సీట్లో కూర్చుని ఉండుండి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసేవాడు, వెంటనే కుడి భుజం మీదుగా. చాలాసేపు ఓపిక పట్టి, పోలీసులు గానీ వెంట వస్తున్నారా అని అడిగాను.

"అలవాటు" అన్నాడు. వాళ్ళది గాజు ఫ్యాక్టరీ ఉన్న చిన్న ఊరట. నాన్న ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఫ్యాక్టరీ పిల్లల జట్టుకి ఆట నేర్పేవాడు. బంతి నీ దగ్గరికి వచ్చాక ఆలోచిస్తే ఆలస్యమైపోయినట్టే, రాకముందే రెండు వైపులా వెనక్కి చూసుకోవాలి అని చెప్పేవాడట. చూడకుండా బంతి తీసుకుంటే ఆ రోజు ఇంటికి నడిపించేవాడు. తను సైకిల్ మీద పక్కనే వచ్చేవాడు, మాట్లాడకుండా.

మధ్యాహ్నం రోడ్డు పక్క చిన్న హోటల్లో ఆగాం. న్యూమెక్సికోలో ఏది ఆర్డర్ చేసినా "ఎర్రదా, పచ్చదా?" అని అడుగుతారు. మిరపకాయ సంగతి. గుడ్లకీ అడిగారు, మాంసానికీ అడిగారు, పావెల్ బంగాళాదుంపలకీ అడిగారు. గుంటూరు పక్కనుంచి వచ్చినవాణ్ణి, మిరపకాయకి ఇంత గౌరవం మా జిల్లాలో కూడా చూడలేదు. పచ్చది తెప్పించుకున్నాను. మన బజ్జీ మిరపకాయని నిప్పుల మీద కాల్చి దంచినట్టుంది, ఉప్పు తక్కువ. పన్నెండు డాలర్లకి ఇద్దరం తినలేనంత పెట్టారు. చాండ్లర్‌లో ఆ డబ్బుకి దోసె కూడా పూర్తిగా రాదు. పావెల్ ఎర్రది తిని, కన్నీళ్ళు తుడుచుకుని, బాగుందన్నాడు.

సాయంత్రానికి ప్రభాకర్ ఇంటికి చేరాం. కాకినాడవాడు, ఆస్పత్రి ల్యాబ్‌లో పని. మటన్ కూర, గారెలు, ములక్కాడ సాంబారు చేసి పెట్టాడు. నాలుగు ముద్దలయ్యాక పావెల్‌ని అడిగాడు.

"సో, ఎన్ని గోల్స్ కొట్టావ్?"

"ఈ ఏడాదా, మొత్తమా?"

"మొత్తం చెప్పు, కెరీర్ మొత్తం."

పావెల్ కాసేపు లెక్కేసుకుని "తొమ్మిది" అన్నాడు.

ప్రభాకర్ నా వంక చూసి తెలుగులో "అయ్యో" అన్నాడు. గరిటె నిండా మటన్ తీసి పావెల్ కంచంలో వేశాడు. పావెల్ వద్దన్నాడు. వద్దంటే మొహమాటం అని మనవాళ్ళ లెక్క కదా, ఇంకో గరిటె పడింది. చెయ్యి అడ్డం పెట్టమని నేను చెవిలో చెప్పాను. పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి పులుసు పోశాడు ప్రభాకర్.

తర్వాత మోకాలి కోసం ప్రార్థన. ఎక్కువసేపే చేశాడు. పావెల్ కళ్ళు మూసుకుని మర్యాదగా కూర్చున్నాడు, ఆమేన్ అనాల్సిన చోట సరిగ్గా అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే, గొంతు తగ్గినప్పుడు ముగింపు వస్తోందని తెలుస్తుందన్నాడు.

అమరిల్లో

టెక్సస్‌లోకి రాగానే గాలి మొదలైంది. అమరిల్లో దగ్గర గాలితో పాటు ఆవుల మందల వాసన కూడా వచ్చింది, కిటికీలు మూసినా సరే వచ్చింది. రెస్ట్ ఏరియాలో డిక్కీ తెరవగానే పావెల్ బంతుల సంచి మూతి ఊడిపోయింది. బంతులన్నీ పార్కింగ్‌లో తలో దిక్కుకీ పరిగెత్తాయి. నేను ఒకదాని వెనక పరిగెత్తి, ఊడిన చెప్పు కోసం తిరిగొచ్చి, బంతిని పోగొట్టుకున్నాను.

దాన్ని ఒక ముసలి ట్రక్కు డ్రైవరు కాలితో ఆపాడు. పెద్ద టోపీ, పెద్ద పొట్ట. బంతి తెచ్చి పావెల్‌కిచ్చి ఏ పొజిషన్ అని అడిగాడు. మిడ్‌ఫీల్డ్ అన్నాడు పావెల్.

"మా మనవరాలూ అంతే. మ్యాచ్ అయ్యాక దాని జెర్సీ ఒక్కటే పిండాల్సి వస్తుంది" అన్నాడు.

మొత్తం ప్రయాణంలో గోల్స్ ఎన్ని అని అడగని మనిషి ఆయనొక్కడే. పావెల్ చాలాసేపు ఆ ట్రక్కు వెళ్ళిన వైపే చూశాడు.

అమరిల్లోలో దీనమ్మ ఆంటీ ఇల్లు. భీమవరం దగ్గర పల్లె నుంచి నర్సుగా వచ్చి, రిటైరై, అక్కడే ఉండిపోయింది. ఇంట్లో ఒక్కతే ఉంటుంది, ఫ్రీజర్లు మాత్రం రెండు. చేపల పులుసు పెట్టింది.

"ఇది క్యాట్‌ఫిష్ బాబూ. మన చేప అనుకుని తినాలి. మూడు గంటలు చింతపండులో నానబెట్టి దాన్ని ఒప్పించాను."

పావెల్ చేపని శ్రద్ధగా తిని, వాళ్ళ దేశంలో క్రిస్మస్‌కి కార్ప్ చేప వండుతారని చెప్పాడు. ముందే ప్రాణంతో కొనుక్కొచ్చి, పండగ దాకా బాత్‌టబ్‌లో నీళ్ళు పోసి ఉంచేవారట.

"కార్ప్ అంటే మన బొచ్చెలాంటిదేగా! బాత్‌టబ్‌లోనా? మరి స్నానాలెక్కడ చేస్తారు?" అంది ఆంటీ.

నేను అనువాదం చేశాను.

"చెయ్యం. చేపకి పేరు పెట్టుకుంటాం. అదీ తప్పే, తర్వాత తినలేం" అన్నాడు పావెల్.

ఆంటీ కళ్ళు తుడుచుకునేంత నవ్వింది, మేమూ నవ్వాం. ఇంట్లో ఇంకొకళ్ళ నవ్వు విని చాలా రోజులైందని ఆమే అంది. అప్పటికి పావెల్ కంచంలో మూడోసారి చేప ముక్క పడింది.

ప్రార్థనకి ముందు ఆంటీ కుర్చీ లాక్కుని పావెల్ ముందు కూర్చుని, కుడి మోకాలి మీద చెయ్యి వేసింది. నర్సు చెయ్యి కదా, ఊరుకోదు. అటూ ఇటూ నొక్కి చూసింది.

"వాపు లేదే. వేడీ లేదు. చూశావా బాబూ, దేవుడు అప్పుడే పని మొదలుపెట్టాడు."

పావెల్ కాలు అలాగే చాచి ఉంచాడు. ఇలా మోకాలు పట్టుకోవడం మన ఆచారం అనుకున్నాడట, తర్వాత చెప్పాడు.

ఓక్లహోమా సిటీ

అమరిల్లో నుంచి ఓక్లహోమా దాకా రోడ్డు మలుపు తిరగదు. గాలిమరలు తిరుగుతాయి. ఆ దారిలో పావెల్ తన గొప్ప ఆట గురించి చెప్పాడు. సొంత దేశంలో చిన్న క్లబ్బు, తర్వాత స్లొవేకియా, పోలండ్, సైప్రస్, ఆ తర్వాత ఇక్కడ. ఇన్నింటిలో ఒక్కసారి, ఇరవై మూడేళ్ళప్పుడు, వాళ్ళ క్లబ్బు పెద్ద యూరప్ పోటీలో ఒక పెద్ద జట్టుతో ఆడింది. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోతుండగా ఆఖరి పది నిమిషాలకి ఇతన్ని పంపారు.

"మరేం జరిగింది?"

"ఆ పది నిమిషాల్లో నేను బంతి ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు."

నేను ఇంకా ఏదో ఉంటుందని ఎదురుచూశాను. అంతే. కానీ అతను చెప్పిన తీరు చూసి, నేనే స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి అతని భుజం తట్టాను.

ఓక్లహోమా సిటీలో సుదర్శన్ అన్న ఇల్లు. ఖమ్మం మనిషి, బ్యాంకు ప్రాజెక్టులో పని. తలుపు తీస్తూనే "రారి రారి, ఎట్లుంది మోకాలు? మంచిగైందా?" అన్నాడు. గోల్స్ ఎన్ని అని ఆయనా అడిగాడు. తొమ్మిది అని విని "పోనీ తీ, ఆరోగ్యం ముఖ్యం" అన్నాడు. నాటుకోడి లాంటిది ఎక్కడో రైతు దగ్గర కొనుక్కొచ్చి, పొద్దున్నించీ ఉడికిస్తున్నారట.

మర్నాడే ట్రయల్. అందుకని భోజనానికి ముందే ప్రార్థన పెట్టారు. అతిథికి అర్థం కావాలని సుదర్శన్ అన్న కూతురు గ్రేస్‌ని ఇంగ్లీషులో చెయ్యమన్నారు. పదహారేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది, చక్కగా చేసింది. పావెల్ కుడి మోకాలిని బాగుచేయమని అడిగింది. పావెల్ కళ్ళు తెరిచాడు. నేను తెరిచే ఉంచాను కాబట్టి చూశాను.

ఆమేన్ అన్నాక నా చెవి దగ్గరికి వంగాడు.

"నొప్పి ఎడమ మోకాలికి."

"కుడి కదా? నా ఎదురుగా కూర్చుని రోజూ..."

చెప్తూ చెప్తూ ఆగిపోయాను. ఎదురుగా కూర్చున్నవాడి ఎడమ నా కుడి వైపు ఉంటుంది. ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకునేవాణ్ణి, మూడో తరగతి పిల్లలు చేసే తప్పు చేశాను.

సుదర్శన్ అన్నకి చెప్పక తప్పలేదు. ఆయన తల పట్టుకున్నాడు.

"ఎట్ల తమ్మీ? మేమంతా కుడిదానికే చేసినం గదా! మూడు రోజుల సంది!"

"అంకుల్, ఇట్స్ ఓకే. గాడ్‌కి తెలుస్తది" అంది గ్రేస్ నాతో.

అయినా పద్ధతి పద్ధతే. పాస్టర్‌గారి గ్రూపులో సవరణ పెట్టాను: దయచేసి గమనించగలరు, కుడి కాదు, ఎడమ. పాస్టర్‌గారు గమనించామన్నారు. ప్రభాకర్ రెండూ కలిపి చేసేస్తానన్నాడు. మొదటి సందేశాన్ని ముందుకు ఎవరు పంపారో ఏమో, జెర్సీ సిటీ దాకా వెళ్ళింది. అక్కడి పెద్దాయన ఒకరు కుడిదానికీ ఆమేన్ అన్నారు, సవరణకీ ఆమేన్ అన్నారు. దీనమ్మ ఆంటీ ఫోనే చేసింది.

"నేను అప్పుడే అనుకున్నాను బాబూ, వాపు లేదేంటా అని. నర్సునై ఉండి దేవుడి మీదికి నెట్టేశాను."

ఇదంతా పావెల్‌కి విడమరిచి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. టేబుల్ మీద చేత్తో చరుస్తూ నవ్వాడు, ఊపిరాడనంతగా. ఎడమని తెలుగులో ఏమంటారని గ్రేస్‌ని అడిగి, రెండుసార్లు అనుకుని నేర్చుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, నా మోకాలి గురించి ఇంతమంది ఆలోచించడం స్టేడియంలో కూడా జరగలేదు అన్నాడు. ఏ మోకాలైతేనేం అన్నాడు.

కాన్సాస్‌లో ఒక ఊరు

ఊరి పేరు రాయను. అక్కడి మనుషులు మంచివాళ్ళే, వాళ్ళు చెప్పిన కబురే మంచిది కాదు.

ముందు డాక్టరు పరీక్షలు. నా భయమంతా బరువు గురించి. మటన్, చేప, నాటుకోడి, దారి మధ్యలో రెండు డబ్బాల పులిహోర. తూకం చూసిన అమ్మాయి ఏమీ అనలేదు, రాసుకుంది. బయట నిలబడ్డ నాకే చెమటలు పట్టాయి. మోకాళ్ళు రెండూ స్కాన్ తీశారు. ఫలితం మర్నాడన్నారు.

తర్వాత ఆట. బయట మంచు కురుస్తోంది కాబట్టి పెద్ద షెడ్డులో పరిచిన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి మీద ఆడించారు. ట్రయల్‌కి వచ్చినవాళ్ళంతా కుర్రాళ్ళు. పావెల్‌ని చూసి ఒకడు సార్ అన్నాడు. నేను దుప్పటి కప్పుకుని మెట్ల మీద కూర్చున్నాను. మొదట ఏమీ అర్థం కాలేదు, అందరూ బంతి వెంట పరిగెత్తుతున్నారు. అందుకని బంతిని వదిలేసి పావెల్‌నొక్కణ్ణే చూడడం మొదలుపెట్టాను.

ఎడమకి చూశాడు, కుడికి చూశాడు, బంతి వచ్చింది, ఇచ్చాడు. మళ్ళీ చూశాడు, వచ్చింది, ఇచ్చాడు. పరుగు లేదు, తొందర లేదు. మా ఇంట్లో అమ్మ పండగనాడు అందరికీ వడ్డిస్తున్నట్టు, ఎవరికి ఏం కావాలో అడక్కుండా తెలిసినట్టు ఇస్తున్నాడు. ఒకసారి ఇద్దరు మీద పడుతుంటే, చూడకుండానే, ఎవరూ లేని చోటికి బంతి తోశాడు. అక్కడికి ఒక పొడుగు కుర్రాడు ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి గోల్ కొట్టాడు. కోచ్ చప్పట్లు కొట్టి ఆ కుర్రాడి పేరు పిలిచాడు. అందరూ వాణ్ణి ఎత్తుకున్నారు. పావెల్ అప్పటికే వెనక్కి నడుస్తున్నాడు. బంతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ షెడ్డులో నాకొక్కడికే తెలుసనుకున్నాను. నాకు ఎంత గర్వంగా అనిపించిందంటే, పక్కన కూర్చున్న ఒకావిడకి చెప్పేశాను. ఆవిడ ఆ పొడుగు కుర్రాడి తల్లి. నా మాట ఆవిడకి నచ్చలేదు.

మర్నాడు పొద్దున కోచ్, డాక్టరు కలిసి కూర్చోబెట్టారు. పావెల్ నన్నూ రమ్మన్నాడు. డాక్టరు తెర మీద రెండు మోకాళ్ళూ చూపించాడు.

"కుడి మోకాలు ఇరవై ఏళ్ళ కుర్రాడిదిలా ఉంది. ఈ వయసులో ఇలాంటిది నేను చూడలేదు" అన్నాడు.

పావెల్ నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

ఎడమదానిలో మృదులాస్థి అరిగిపోయిందట. ఒక సీజన్ కాదు, ఒక నెల ఆడినా మనిషి కుంటివాడైపోతాడన్నారు. కోచ్ చాలా మర్యాదగా, నిజంగానే బాధపడుతూ, తీసుకోలేమని చెప్పాడు. ట్రయల్‌లో అందరికంటే బాగా ఆడింది నువ్వేనని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది.

కారులో కూర్చున్నాక పావెల్ సీటు బెల్టు పెట్టుకోలేదు. కారు బీప్ బీప్‌మంటూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ముందు రోజు నేను చూసినదే అతని చివరి ఆట, అదీ ఒక ట్రయల్, వాళ్ళు తొడిగించిన పసుపుపచ్చ బనియన్ మీద నంబరు కూడా లేదు.

"ఈసారి జలుబు లేదు" అన్నాడు పావెల్, బెల్టు పెట్టుకుంటూ.

మళ్ళీ అమరిల్లో

పావెల్ దేశం వెళ్ళే విమానం మా ఊరి పక్కనున్న ఫీనిక్స్ నుంచే కాబట్టి వచ్చిన దారినే వెనక్కి మళ్ళాం. ఆవులు ఎక్కడివక్కడే ఉన్నాయి. దీనమ్మ ఆంటీ ఈసారి సరైన మోకాలికి ఐస్ కట్టింది. డాక్టరు చెప్పినదంతా విని నిట్టూర్చింది.

"మనం అడిగింది ఆయన ఇచ్చాడు బాబూ. ఇరవై ఏళ్ళ కుర్రాడి మోకాలు ఇచ్చాడు. మనమే అడగాల్సింది అడగలేదు."

నా మొహం చూసి మాట మార్చింది. "అసలు ఈ అబ్బాయికి ఏం కావాలంట? డబ్బా?"

"కాదాంటీ. చివరి ఆట ఒకటి ఆడాలి. బోర్డు మీద నంబరు చూపిస్తే తనంతట తను నడుచుకుంటూ బయటికి రావాలి. అంతే."

"అంతేనా? దానికి క్లబ్బెందుకు?" అంది.

పావెల్ మోకాలి మీద ఐస్ సర్దుతూనే ఫోన్ స్పీకర్‌లో పెట్టి మా పాస్టర్‌గారికి కలిపింది.

"అయ్యగారూ, మీ సంఘం పిక్నిక్ ఎప్పుడండీ?"

"ఈ శనివారమేనమ్మా."

"ఈసారి క్రికెట్ ఆడకండి. నేను నర్సుగా చెప్తున్నాను, ఈ అబ్బాయి పరిగెత్తకూడదు. నిలబడొచ్చు, నడవొచ్చు. ఆటలో నడిచే పని ఏదైనా ఉంటుందా?"

పావెల్‌కి అనువాదం చేసి అడిగాను. "నా పని ఎప్పుడూ అదే" అన్నాడు.

చాండ్లర్ పార్కు

జనవరిలో చాండ్లర్ ఎండ మన కార్తీక మాసం ఎండలా హాయిగా ఉంటుంది. పిక్నిక్‌కి సంఘమంతా వచ్చింది. క్రికెట్ లేదని కొందరు పెద్దలు అలిగి, తర్వాత గోల్‌కీపర్లుగా ఒప్పుకున్నారు. జట్టుకి పదకొండు మందే ఉండాలంటే ఎవరూ వినలేదు. చీరల్లో ఉన్న ఆంటీలు కూడా వాకింగ్ షూస్ వేసుకుని దిగారు. మా ఆవిడ అవతలి జట్టు. ఎందుకని అడిగితే "చూద్దాం" అంది.

నంబరు చూపించే బోర్డు ఎక్కడా దొరకలేదు. అప్పుడు పాస్టర్‌గారికి ఒక ఆలోచన వచ్చింది. మేం అద్దెకు తీసుకునే అమెరికన్ చర్చిలో, ఆ రోజు పాడే పాటల నంబర్లు పెట్టడానికి గోడకి చెక్క బోర్డు ఉంటుంది, అంకెల పలకలు తోసి పెట్టేది. అడిగి దాన్ని ఊడదీసుకొచ్చారు. పావెల్ నంబరు ఎనిమిది. అతని స్థానంలోకి వెళ్ళేది నేను. నాకు నంబరు లేదు కాబట్టి చేతికందిన సున్నా పెట్టారు.

పావెల్ మైదానం మధ్యలో నిలబడ్డాడు. ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. బంతి వస్తే ఇచ్చాడు. యాభై దాటిన అంకుల్స్, డేటాబేస్ తప్ప ఏమీ ముట్టుకోని మనుషులు, సరిగ్గా కాలి ముందుకే వచ్చిన బంతిని తన్ని తామే ఆశ్చర్యపోయారు. మనం ఇంత బాగా ఆడతామని తెలియదే అని ఒకాయన నాతో అన్నారు. ఆయన రెండు గోల్స్ కొట్టారు. పావెల్ ఒక్కటీ కొట్టలేదు. అందరూ గోల్ ముందు నుంచి తప్పుకుని దారిచ్చినా, పక్కవాడికే ఇచ్చాడు.

చివరికి పాస్టర్‌గారు బోర్డు పైకెత్తారు. ఎనిమిది. పక్కన సున్నా.

ఇలాంటప్పుడు ఏం చేయాలో మావాళ్ళెవరికీ తెలియదు. కుర్చీల్లో, దుప్పట్ల మీద కూర్చున్నవాళ్ళంతా, ఆరాధన చివర దీవెన తీసుకోవడానికి లేచినట్టు, ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. బిర్యానీ వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు దించి నిలబడ్డారు. చప్పట్లు పాస్టరమ్మగారు మొదలుపెట్టారు.

పావెల్ నడిచాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు. తొందరపడలేదు. ఇంతకాలం ఈ నడకనే దాచుకున్నట్టు నెమ్మదిగా, అందరి వంకా చూస్తూ నడిచాడు. గీత దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. నావీ అంతే.

"ముందు చూసుకో. తర్వాత తీసుకో" అన్నాడు. గీత దాటి వెళ్ళిపోయాడు.

నేను లోపలికి వెళ్ళి, అతను నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఎవరో బంతి నా వైపు తన్నారు. నేర్పినట్టే, బంతి రాకముందే, కుడి భుజం మీదుగా వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

"ఎడమ! ఎడమ!" అని గీత అవతల నుంచి పావెల్ తెలుగులో అరిచాడు.

అప్పటికి బంతి రూతు దగ్గర ఉంది.